మరణాల రేటు తక్కువంటే జనం ఆరోగ్యంగా ఉన్నట్టేనా?

పాతకలం: జపాన్‌లో ఏడాదికి వెయ్యిమందిలో సుమారు 13 మంది చనిపోతున్నారు. ఖతర్‌లో ఇద్దరు కూడా లేరు. అయినా అందరూ జపాన్‌నే మెచ్చుకుంటారు. అడిగితే "వయసు సర్దుబాటు చెయ్యాలి" అంటారు. పోయినవాళ్లను లెక్కపెట్టాక మళ్లీ సర్దుబాటేమిటి?

నిశిత: పాతకలం గారూ, జపాన్‌లో వందలో 29 మంది 65 దాటినవాళ్లు. ఖతర్‌లో ఇద్దరు కూడా ఉండరు. అక్కడ ఎక్కువమంది పనికోసం వెళ్లినవాళ్లే. వైద్య పరీక్ష పాసైతేనే రానిస్తారు, వయసు మీదపడితే సొంత దేశానికి వెళ్లిపోతారు. వాళ్ల చావు ఆ దేశం లెక్కలో పడుతుంది.

రెండు ఊళ్లు అనుకోండి. రెండింట్లోనూ 60 లోపువాళ్లలో వెయ్యికి 2, దాటినవాళ్లలో వెయ్యికి 30 చావులు. ఒక ఊళ్లో పెద్దవాళ్లు వందకి 10 మంది, రెండోదాంట్లో 30 మంది. మొత్తం రేటు మొదటిదానికి 4.8, రెండోదానికి 10.4. ఏ వయసువాళ్లకైనా ముప్పు రెండు చోట్లా ఒకటే కదా!

పాతకలం: ఊహించిన ఊళ్లు వద్దండీ. సర్దుబాటుకు వాడే 'ప్రామాణిక జనాభా' ఏ దేశంలో ఉంది?

నిశిత: ఏ దేశంలోనూ లేదు. 2000-2025 మధ్య ప్రపంచ జనాభాలో ఏ వయసువాళ్లు సగటున ఎంతమందో అంచనా వేసి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసింది. ప్రతి దేశంలో ఒక్కో వయసువాళ్ల మరణాల రేటును ఆ జనాభాకే అన్వయించి ఒక్క సంఖ్య తీస్తారు, అదే వయసు సర్దుబాటు. అన్ని దేశాలకూ ఒకే కొలబద్ద ఉండాలి కాబట్టి.

పాతకలం: అంటే లేని జనంతో ఉన్న చావుల్ని కొలుస్తున్నారు. ఒప్పుకున్నారుగా.

దారిదీపం: ఇద్దరూ ఒక్క మాట పట్టుకుని కూర్చున్నారు. ఆయుర్దాయం చూడండి, జపాన్‌లో సుమారు 84 ఏళ్లు.

మధుర: కారణాల సంగతీ అంతే. మొత్తం చావుల్లో క్యాన్సర్ వాటా పెరిగితే దేశం చెడినట్టు కాదు. అంటువ్యాధులకు చిన్నప్పుడే పోకుండా బతికినవాళ్లు చివరికి ఏదో ఒక జబ్బుతో పోవాల్సిందే.

పాతకలం: కారణాల మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నా. మా నాన్నకు పద్దెనిమిదేళ్లు షుగర్. కిడ్నీలు పోయి నాలుగేళ్లు డయాలసిస్. సూదులు గుచ్చీ గుచ్చీ ఎడమ చేతి నరం తాడులా ఉబ్బిపోయింది. ఆయన పోయాక సర్టిఫికెట్‌లో 'గుండె ఆగిపోవడం' అని ఒక్క ముక్క రాసిచ్చారు. చనిపోతే అందరి గుండే ఆగుతుంది. మీ పట్టికల్లో మా నాన్న గుండెజబ్బు కింద ఉన్నాడు. వాటితో దేశాల్ని పోలుస్తారా?

నిశిత: అది పెద్ద తప్పే. ఫారంలో పై వరుసలో ఆఖరి ఘడియలో జరిగింది, కింది వరుసల్లో దానికి దారితీసినవి, అట్టడుగున మూల కారణం రాయాలి. లెక్కకెక్కాల్సింది ఆ మూల కారణమే. మీ నాన్నగారి ఫారంలో అక్కడ షుగర్ ఉండాలి. కానీ వయసు సర్దుబాటు వేరే విషయం...

పాతకలం: వేరే కాదు! నాన్నకు 74. "ఆ వయసులో మామూలే" అని డాక్టరు నా మొహం మీదే అన్నాడు. మీ సర్దుబాటూ అదే అంటోంది, ముసలివాళ్ల చావుకు విలువ తగ్గించమని.

నిశిత: ఇన్నిసార్లు రాసినా మీ బాధ ఇక్కడుందని నాకు తట్టలేదు, క్షమించండి. ఒకటి నిజమే. ఆ ప్రామాణిక జనాభాలో 65 దాటినవాళ్లు వందకి 8 మందే, కాబట్టి వాళ్ల చావులకు ఆ ఒక్క సంఖ్యలో బరువు తగ్గుతుంది. అందుకే వయసులవారీ పట్టిక చూడాలి. 74 ఏళ్లవాళ్లను 74 ఏళ్లవాళ్లతోనే పోలిస్తే, ఎక్కడ వాళ్లను బతికించుకుంటున్నారో తెలుస్తుంది. 'మామూలే' అన్న మాట తప్పని చూపించగలిగేది అదే.

పాతకలం: ప్రామాణిక జనాభాను నేను ఒప్పుకోను. 70 నుంచి 74 దాకా విడిగా ఉన్న పట్టిక దొరికితే పెట్టండి. షుగర్ వరుస నేనే చూస్తాను.