హాంకాంగ్ నియాన్ బోర్డు పగలకుండా దింపడం ఎలా?

ప్రశ్న: యౌ మా టే వీధిలో పాత దుకాణం బోర్డు తీసేయాలని నోటీసు వచ్చింది. గ్యాస్ నింపిన గాజు గొట్టాలతో చేసిన అక్షరాల్లో ఎర్రవి బాగున్నాయి, నీలంవి చివర్లు నల్లబడి మిణుకుమిణుకుమంటున్నాయి. గ్యాస్ పోయినట్టేనా?

జవాబు: చివర నలుపంటే ఎలక్ట్రోడ్ (గొట్టంలోకి కరెంటు పంపే లోహపు ముక్క) అరిగింది. గ్యాస్ పోయిందని అప్పుడే తేల్చకండి, మంచి ట్రాన్స్‌ఫార్మర్‌తో వెలిగించి చూడండి. అది 15,000 వోల్టుల దాకా ఇస్తుంది. మెయిన్ ఆపాకే చెయ్యి పెట్టండి. గొట్టాన్ని బోర్డుకు కట్టిన తీగలు కత్తిరించి, ఇద్దరు దాన్ని చెరో చివరా పట్టి తిన్నగా ఎత్తాలి. మెలితిప్పితే వంపు దగ్గరే పుటుక్కుమంటుంది.

ఇంకో జవాబు: నీలం గొట్టంలో ఆర్గాన్‌తో పాటు పాదరసం చుక్క ఉంటుంది. పగిలితే ఊడవొద్దు, తడి కాగితంతో ఎత్తి మూతడబ్బాలో వేయండి. దయచేసి బోర్డును తుక్కుకి మాత్రం ఇవ్వకండి. ఇక్కడి వెస్టర్న్ స్ట్రీట్‌లో ఆవు ఆకారపు నియాన్ బోర్డును 2015లో దింపారు, హాంకాంగ్‌లోని ఎం ప్లస్ మ్యూజియం తీసుకుంది కాబట్టే మిగిలింది.