వారానికి నాలుగు రోజులే పరిగెత్తేవాళ్ళకి ఇంటర్వల్స్ అవసరమా?

పొద్దుటిరౌండు:
నా 10 కిలోమీటర్ల టైమ్ 54 నిమిషాలు. ఏడాదిగా అక్కడే ఆగిపోయింది. మంగళవారం ట్రాక్ మీద ఇంటర్వల్స్, అంటే మధ్యమధ్యలో తేరుకుంటూ గట్టిగా 400 మీటర్లు 8 సార్లు, బుధ, శుక్రవారాల్లో 6 కిలోమీటర్ల చొప్పున, ఆదివారం 12. మొత్తం 30 దాకా వస్తుంది. మామూలు రోజుల్లో కిలోమీటరుకి 5:50 పడుతుంది. మా రన్నింగ్ గ్రూపులో సగం మంది ఇంటర్వల్స్ మానేసి కిలోమీటర్లు పెంచమంటున్నారు, మిగతా సగం ఇంటర్వల్సే వారానికి రెండు రోజులు చెయ్యమంటున్నారు. ఎవరి మాట వినాలి?

నిదానస్థుడు:
మొదటివాళ్ళ మాట వినండి. 10 కిలోమీటర్ల పరుగుకి కావలసిన శక్తిలో 90 శాతం పైనే ఆక్సిజన్ సాయంతో తయారవుతుంది. దానికి కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరగాలి, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరగాలి. అవి నింపాదిగా ఎక్కువసేపు పరిగెత్తితే, నెలల తరబడి పరిగెత్తితే వస్తాయి. న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ 800 మీటర్ల రన్నర్ పీటర్ స్నెల్ చేత కూడా వారానికి సుమారు 160 కిలోమీటర్లు పరిగెత్తించాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో స్నెల్ 800లో, అదే కోచ్ దగ్గరి ముర్రే హాల్బర్గ్ 5000లో ఒకే రోజు స్వర్ణాలు కొట్టారు. రెండు నిమిషాల్లోపు అయిపోయే పోటీకే అంత పునాది వేశారంటే గంటసేపు పరిగెత్తే మనకెంత కావాలి?

టైమ్‌లేదు:
లిడియార్డ్ పేరెత్తేవాళ్ళందరూ కథ సగంలో ఆపేస్తారు. ఆ కిలోమీటర్లయ్యాక గుట్టలెక్కించడం, ఆ తర్వాత ట్రాక్ మీద ఇంటర్వల్స్, ఇవన్నీ ఆయన పద్ధతిలోనే ఉన్నాయి. పైగా 160 పరిగెత్తేవాడి సూత్రం 30 పరిగెత్తేవాడికి ఎందుకు సరిపోవాలి? ఉద్యోగం, ఇల్లు పోను నాకు వారానికి మూడు గంటలు మిగిలితే గొప్ప. 2007లో నార్వేలో హెల్గెరూడ్ బృందం 40 మందిని నాలుగు గుంపులు చేసి, అందరి చేతా సమానమైన పని చేయించి చూసింది. నాలుగేసి నిమిషాల చొప్పున నాలుగుసార్లు గట్టిగా పరిగెత్తినవాళ్ళకి 8 వారాల్లో వీఓటూ మ్యాక్స్, అంటే ఒళ్ళు గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్, 7 శాతం దాకా పెరిగింది. నెమ్మదిగా పరిగెత్తిన గుంపులో చెప్పుకోదగ్గ మార్పే లేదు.

నిదానస్థుడు:
ఎనిమిది వారాలు! తొమ్మిదో వారం సంగతేంటండీ? గుండె తొందరగానే అలవాటు పడుతుంది. మిగతా ఒళ్ళు అంత తొందరపడదు.

లెక్కలపిచ్చి:
మీరిద్దరూ కాసేపు ఆగండి. పొద్దుటిరౌండు గారూ, పోయిన మంగళవారం 400లు ఒక్కొక్కటి ఎంతలో అయ్యాయో వాచీ చూసి చెప్తారా?

పొద్దుటిరౌండు:
1:44, 1:43, 1:47, 1:52, 1:58, 2:05, 2:09. ఎనిమిదోది వదిలేశాను. వాంతొచ్చినంత పనైంది.

లెక్కలపిచ్చి:
జబ్బు ఇక్కడ దొరికింది. 54 నిమిషాల్లో 10 పూర్తిచేసేవాళ్ళు 5 కిలోమీటర్లు సుమారు 26 నిమిషాల్లో పరిగెత్తగలరు. ఆ వేగంతో 400 మీటర్లకి 2:05 పడుతుంది. మీరు 1:44తో మొదలుపెట్టారు, అంటే కిలోమీటరు 4:20 చొప్పున. ఏడోసారికి మీ 10 కిలోమీటర్ల వేగానికి వచ్చేశారు. కాలేజీ పిల్లాడు మొదటి రౌండులోనే దూకేసి చివర్లో నడిచినట్టుంది, ఏమనుకోకండి. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో 5000, 10000, మారథాన్ మూడూ గెలిచిన ఎమిల్ జాటోపెక్ ఒక్కరోజులో పదుల కొద్దీ 400లు చేసేవాడు, మధ్యలో 200 మెల్లగా పరిగెడుతూ. మొదటిదానికే ప్రాణం పెట్టేస్తే అన్ని కుదరవు కదా. చివరిది కూడా మొదటిదాని వేగంతోనే రావాలి. 2:03 నుంచి 2:06 మధ్యలో చెయ్యండి.

రెండో సంగతి, మంగళవారం అంత నలిగిపోయి బుధవారం 5:50కి పరిగెడుతున్నారు. మీ పోటీ వేగం 5:24. తేడా 26 సెకన్లే! అది ఈజీ రన్ కాదు, టెంపోకి (పోటీ వేగానికి దగ్గరగా ఆగకుండా పరిగెత్తడానికి) తమ్ముడు. 6:40కి దించండి. పక్కవాళ్ళతో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి.

టైమ్‌లేదు:
మొదటి సంగతి ఒప్పుకుంటాను, రెండోది ఒప్పుకోను. శిక్షణలో 80 శాతం మెల్లగా, 20 శాతం గట్టిగా చెయ్యమనే ఆ 80–20 సూత్రం పరిశోధకుడు స్టీఫెన్ సైలర్ అగ్రశ్రేణి అథ్లెట్ల శిక్షణను గమనించి చెప్పింది. వాళ్ళు వారానికి పదిసార్లు పైగా శిక్షణ చేస్తారు, ఎనిమిది మెల్లగా చెయ్యకపోతే చచ్చిపోతారు. ఈయన చేసేది నాలుగు. నాలుగింట్లో మూడు 6:40కి చేస్తే పార్కులో షికారే.

లెక్కలపిచ్చి:
సెషన్లు లెక్కపెడితే ఈయనకి కష్టమైనవి 25 శాతం. నిమిషాలు లెక్కపెడితే 2:05 చొప్పున ఎనిమిదికి 17 నిమిషాలు, వారంలో మూడు గంటల పైన పరుగు, అంటే 9 శాతం. ఒకే వారాన్ని రెండు రకాలుగా వాదించుకోవచ్చు. అందుకే నేను శాతాలు చూడను, బుధవారం కాళ్ళు ఎలా ఉన్నాయో చూస్తాను.

పిక్కపట్టేసింది:
ఇంటర్వల్స్ రెండు రోజులు చెయ్యాలనుకుంటే నా సంగతి వినండి. మూడో వారంలో మడమ పైన ఉండే టెండన్ (పిక్కని మడమకి కలిపే నరంలాంటిది) పొద్దున లేవగానే పట్టేసినట్టుండేది, పది అడుగులు వేస్తే సర్దుకునేది. సర్దుకుంటోంది కదా అని ట్రాక్‌కి పోయాను. ఆ తర్వాత నాలుగు నెలలు ఇంట్లో మెట్ల అంచు మీద మడమలు దించే వ్యాయామం చేసుకుంటూ కూర్చున్నా. ఊపిరి రెండు వారాల్లో పెరిగింది, టెండన్‌కి అంత వేగం తెలియలేదు. ముందు ఐదో రోజు ఒక మెల్లని పరుగు కలపండి. రెండో ఇంటర్వల్ రోజు సంగతి తర్వాత.

నిదానస్థుడు:
నేను మొదట్నుంచీ చెప్తున్నది ఇదే కదా.

టైమ్‌లేదు:
మీరు ఇంటర్వల్స్ మానేయమన్నారు. ఇది వేరు.

పొద్దుటిరౌండు:
ఈ మంగళవారం సంగతి. 2:05 అనుకుని బయల్దేరి వాచీ చూస్తే 1:55, పాత అలవాటు. రెండోది 2:01. మిగతా ఆరూ 2:03, 2:06 మధ్యలోనే వచ్చాయి. ఎనిమిదోది అయ్యాక ఇంకోటి చెయ్యగలననిపించింది, చెయ్యలేదు. బుధవారం కాళ్ళు తేలిగ్గానే ఉన్నాయి. కానీ 6:40 మాత్రం నరకమండీ. చేతులు ఊపుకుంటూ జాగింగ్ చేసే పెద్దాయన ఒకరు వెనకనుంచి దగ్గరికొచ్చేస్తుంటే పరువు పోయినట్టనిపించి 6:10కి వెళ్ళిపోయాను.

టైమ్‌లేదు:
6:10 చాలు. అక్కడే ఉండండి.

లెక్కలపిచ్చి:
చాలదు. ఆ పెద్దాయన్ని ముందు పోనివ్వండి.