అప్‌డేట్: ప్యాకింగ్ చెక్క మంచం పూర్తయింది (తిరుపతి)

పాత ప్యాకింగ్ చెక్కతో 6¼ × 3 అడుగుల మంచం చేస్తే మధ్యలో వంగదా అని అడిగాను కదా. వంగదు, కానీ బరువంతా ప్యాకింగ్ చెక్క మీదే వేయకూడదు.

మంచం కోళ్లు (కాళ్లు) 2½ అంగుళాల చదరం వేప. సైడు పట్టెలు 4 × 1½ వేప, నిలువుగా నిలబెట్టి, మూల మూలకూ రెండేసి 5 అంగుళాల బోల్టులు, రెండువైపులా వాషర్లు. మామిడి చెక్క ఇక్కడ చవకే, త్వరగా పుచ్చిపోతుంది, కోళ్లకు వద్దు.

అడ్డపట్టీలు మాత్రమే ప్యాకింగ్ చెక్క: 3 × ¾ అంగుళాలవి 14, మధ్య సందు 2½. కింద నడుమ ఒక దూలం, దానికో కాలు తప్పనిసరి. చివర్లలో స్క్రూ నేరుగా దింపితే చెక్క చీలుతుంది. ముందు 3 మి.మీ. బెజ్జం వేయాలి. పట్టీ కింద పాత సైకిల్ ట్యూబు ముక్క అతికిస్తే కిర్రుమనదు. ఇదొక్కటీ ఎవరూ చెప్పలేదు!

చెక్క మీద హెచ్‌టీ ముద్ర ఉంటే వేడితో శుద్ధి చేసినది. ఎంబీ ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పట్టించినది, పడకగదికి తేవద్దు.

వేప పచ్చిది కాబట్టి ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. బోల్టులు అప్పుడప్పుడూ బిగించాలి.