అప్‌డేట్: రివాల్వర్ సిలిండర్ పట్టేయడానికి కారణం తెలిసింది

నా లైసెన్సు .32 రివాల్వర్ సిలిండర్ (తూటాలు పెట్టే గుండ్రటి భాగం) తిరగకుండా పట్టేస్తోందని, గొట్టం మీద తుప్పు చుక్కలు వస్తున్నాయని రెండు నెలల క్రితం ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. సిలిండర్ పట్టేయడానికి ఎక్స్‌ట్రాక్టర్ (కాల్చిన తూటా గుల్లలను బయటికి నెట్టే నక్షత్రం లాంటి భాగం) కింద చూడమన్న సలహాయే సరైనది. లైసెన్సున్న మరమ్మతుదారు సిలిండర్‌లోని తూటా గదులన్నీ ఖాళీగా ఉన్నాయని రెండుసార్లు చూసుకుని, ఎక్స్‌ట్రాక్టర్‌ను పైకి నొక్కిపట్టి టూత్‌బ్రష్‌తో దులిపారు. కాలకుండా మిగిలిన తూటా మందు రేణువులు నాలుగైదు తెల్ల కాగితం మీద రాలాయి. ఆవగింజలో సగం కూడా లేవు, కానీ అవే ఎక్స్‌ట్రాక్టర్‌ను పూర్తిగా కూర్చోనివ్వక సిలిండర్‌ను పట్టేశాయి! స్ప్రింగు, ఇరుసు బాగానే ఉన్నాయి. నేను ధారాళంగా పోసిన నూనె మసిని జిగురుగా మార్చింది, అంతే.

గొట్టం మీది తుప్పు చుక్కలకు కారణం వేరు. తోలు ఒరలోనే దాచాను. విశాఖ ఉప్పుగాలి చెమ్మను తోలు పట్టి ఉంచుతుంది. ఇప్పుడు పలుచగా నూనె రాసి, చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లంతో తాళం వేసిన ఇనుప పెట్టెలో ఉంచుతున్నాను. ఆరు వారాలైంది, కొత్త చుక్క ఒక్కటీ లేదు.