తేలు కుట్టిన పిల్లలను ముందు ఎక్కడికి తీసుకెళ్లాలి?

పరకాల రైతుబిడ్డ: మా ఊళ్లో తేలుమంత్రం వేసే పెద్దాయన ఉన్నారు. చింతగింజను బండమీద అరగదీసి కుట్టినచోట అంటిస్తే, విషం లాగేదాకా అది ఊడిపడదు. మా తమ్ముడి కొడుకుకు కొద్దిసేపట్లోనే మంట తగ్గింది. కనుక ముందు ఆయన దగ్గరికి, తగ్గకపోతేనే ఆసుపత్రికి వెళ్లాలంటాను.

హనుమకొండ ఫార్మసిస్టు: రైతుబిడ్డ గారూ, మంట తగ్గడాన్ని మీరు గుర్తుగా పెట్టుకున్నారు, పిల్లల విషయంలో మోసపోయేది సరిగ్గా అక్కడే. ఎర్రతేలు విషం ఒంట్లోకి ఎక్కిన పిల్లలకు కుట్టినచోట పెద్దగా నొప్పి ఉండకపోవచ్చు. వాంతులవుతాయి, ఒళ్లంతా చెమట పడుతుంది, చేతులు కాళ్లు చల్లబడతాయి, మగపిల్లలకు అంగం బిగుసుకుంటుంది. ఆలస్యమైతే గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

పరకాల రైతుబిడ్డ: విషం లాగకపోతే గింజ ఎందుకు అంటుకుంటుంది? దానికి జవాబు చెప్పండి.

హనుమకొండ ఫార్మసిస్టు: చింతగింజ పప్పులో జిగురుంది. నూలుకు గంజి పెట్టడానికి ఆ పిండినే వాడతారు. తేలు కుట్టని చేతికి అంటించినా అంటుకుంటుంది.

జనగామ: మూఢనమ్మకాలతో పిల్లల ప్రాణాలు తీయకండి.

పరకాల రైతుబిడ్డ: ప్రాణాల సంగతి మాకు మీరు చెప్పనక్కరలేదు. మా అక్క బిడ్డను మండ్రగబ్బ కుడితే ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పెట్టి, పత్తి అమ్మిన పైసలన్నీ గుంజుకుంది.

హనుమకొండ ఫార్మసిస్టు: మీ బాధ న్యాయమైనదే, మండ్రగబ్బ, అంటే పెద్ద నల్లతేలు, కాటు సాధారణంగా అంత ప్రమాదం కాదు. కానీ ఎర్రతేలుకు వైద్యం ఖరీదైనదేమీ కాదు. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో ప్రాజోసిన్ అనే రక్తపోటు మాత్రతో ఎందరినో కాపాడారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పిల్లల బరువును బట్టి, కిలోకు 30 మైక్రోగ్రాముల చొప్పున ఇస్తారు. విషానికి విరుగుడు సూది కూడా ఉంది. అయితే ఆ మాత్ర ఇచ్చాక లేచి నిలబడితే రక్తపోటు పడిపోవచ్చు గనుక, ఇంట్లో వేయకూడదు. పడుకోబెట్టి వైద్యుడే చూసుకోవాలి.

పరకాల రైతుబిడ్డ: వైద్యుడు, వైద్యుడు అంటున్నారు. అర్ధరాత్రి మా ఊళ్లో వైద్యుడెవరండీ? తెల్లవార్లూ పిల్లవాడి పక్కన కూర్చునేది ఆ పెద్దాయన ఒక్కరే. ఆయనను మోసగాడన్నట్టు మాట్లాడితే ఊళ్లో ఎవరు వింటారు?

హనుమకొండ ఫార్మసిస్టు: ఆయన కూర్చోవడంపై నాకు పేచీ లేదు, ఆయన కోసం ఆగడంపైనే ఉంది. 108కు ఫోన్ చేసి, బండి వచ్చేదాకా ఆయననే పిల్లవాడి చేతులు పట్టుకొని చూడమనండి. చల్లబడకపోయినా, నొప్పి లేకపోయినా, బండి రాగానే ఎక్కించాల్సిందే.

పరకాల రైతుబిడ్డ: ఫోన్ చేయడానికి ఒప్పుకుంటాను. గింజ అంటించవద్దంటే మాత్రం ఒప్పుకోను.

హనుమకొండ ఫార్మసిస్టు: ఫోన్ చేశాక అంటించుకోండి. కోయడం, గట్టిగా తాడు కట్టడం మాత్రం వద్దు.