కామెంటరీలో ఓనర్ డబ్బు గురించి ఎంత వరకు చెప్పొచ్చండి?
మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండి, సంక్రాంతి కబడ్డీకి మైకులో కామెంటరీ నేనే చెప్తాను. మొన్న పండక్కి ఒక టీమ్‌కి అమెరికాలో ఉండే ఆయన డబ్బు పెట్టారు, నేను ఊపులో ఆటంతా డాలర్ల టీమ్ డాలర్ల టీమ్ అనేశాను, గెలిచాక ఆ కుర్రాళ్లొచ్చి మా కష్టం ఒక్కసారైనా చెప్పలేదేంటన్నా అన్నారు, చాలా బాధేసిందండి.

2018లో ఇంగ్లండ్‌లో ఎప్సమ్ డెర్బీ అనే గుర్రప్పందెం మసార్ అనే గుర్రం గెలిచినప్పుడు కూడా దాని ఓనర్ దుబాయ్ షేక్ మహమ్మద్ గారి డబ్బే గెలిచిందనుకున్నాను, కానీ ఆ గుర్రాన్ని న్యూమార్కెట్‌లో తయారుచేసింది చార్లీ ఆపిల్‌బీ, స్వారీ చేసింది విలియం బ్యూయిక్. అలాగని మంచి గుర్రాల్ని పెంచే స్తోమత అందరికీ ఉండదు కదా, అది దాచేస్తే చిన్న ఓనర్లకి అన్యాయం. మైకు పట్టిన అనుభవం ఉన్నోళ్లు కాస్త చెప్పండి, ఓనర్ సంగతి మొదట్లో ఒకసారి చెప్పి వదిలేయాలా?