చతుస్త్రింశమా, చతుర్వింశమా?

అమలాపురం: యజ్ఞవేదికల కొలతలు చెప్పే శుల్బసూత్రంలో చతురస్రపు కర్ణం కొలిచే చోట "ప్రమాణం తృతీయేన వర్ధయేత్ తచ్చ చతుర్థేన ఆత్మ..." తర్వాత "చతుస్త్రింశోనేన" (34వ వంతు తగ్గించి) అనా, "చతుర్వింశోనేన" (24వ వంతు తగ్గించి) అనా? మా తాతగారు రెండోదే అనేవారని గుర్తు. చివర "సవిశేషః" అని ఉంటుంది.

తణుకు: త్రింశమేనండి. చెవికి వదిలెయ్యకుండా లెక్క వేసి చూడండి. భుజం 1 అనుకోండి. దానికి మూడోవంతు, ఆ మూడోవంతులో నాలుగోవంతు కలిపి, చివరి ముక్కలో 34వ వంతు తగ్గిస్తే 577/408, అంటే 1.4142157. 24 పెడితే 1.4132 దగ్గరే ఆగిపోతుంది. కర్ణం అసలు విలువ √2, అంటే 1.4142136.

మండపేట: ఆ 34 ఊరికే ఊడిపడలేదు. 12 మూరల చతురస్రం తీసుకోండి. 12లో మూడోవంతు 4, ఆ 4లో నాలుగోవంతు 1, అన్నీ కలిపితే 17. దాని వర్గం 289, మనకి కావాల్సింది 288. ఎక్కువైన ఆ ఒకటిని 17కి రెట్టింపుతో భాగిస్తే 1/34. అదే తగ్గించారని నా గట్టి నమ్మకం. ఇవాళ్టికీ 12 అడుగుల గదికి ముగ్గు పోసి మూల నుంచి మూలకి టేపు పడితే, 17 అడుగులకి అంగుళంలో మూడోవంతు తక్కువ వస్తుంది.

రాజోలు: అసలు సంగతి "సవిశేషః"లో ఉంది. "కొంత తేడాతో కూడినది" అని. ఈ లెక్క పూర్తిగా తెగదని వాళ్లకి తెలుసు. ఆపస్తంబ శుల్బసూత్రంలోనూ ఇదే మాట.

తణుకు: అంత దూరం వెళ్లకండి మాస్టారూ. ఆ కర్ణానికి పెట్టిన పేరది. ఉజ్జాయింపు అని తెలియడం వేరు, ఏ భిన్నానికీ లొంగదని తెలియడం వేరు. 577 వర్గం 332929. 408 వర్గానికి రెట్టింపు 332928. ఆ ఒకటి తేడా ఎప్పటికీ పోదనడానికి రుజువు కావాలి. ఏ వర్గంలోనైనా 2 సరిసార్లు కారణాంకంగా వస్తుంది, వర్గానికి రెట్టింపులో బేసిసార్లు. ఇక రెండూ సమానమెలా అవుతాయి? ఈ వాదన సూత్రంలో లేదు.

రాజోలు: రాయలేదు కాబట్టి తెలియదంటే ఎలాగండీ? సూత్రమంటేనే క్లుప్తం.

కాకినాడ: మా తొమ్మిదో తరగతి పిల్లలు √2ని అకరణీయ సంఖ్యల్లో (భిన్నంగా రాయగలిగేవాటిలో) రాసేస్తుంటారు. ఈ సూత్రానికి ముందున్న "ద్వికరణీ" (రెట్టింపు వైశాల్యపు చతురస్రానికి భుజం) చూపించి, కరణి ఉన్నది కరణీయం అంటే ఇట్టే పట్టేస్తారు.

ద్రాక్షారామం: లెక్కల పద్యమంటే తెలుగులో గణితం రాసిన మా పావులూరి మల్లన కవిదేనండి! "శర శశి షట్క చంద్ర శర సాయక" అని ఎత్తుకుంటే శరం 5, శశి 1, షట్కం 6... చదరంగం గళ్లలో రెట్టింపు చేసుకుంటూ పోయిన మొత్తం, 18446744073709551615, కుడి నుంచి ఎడమకి వరసగా వచ్చేస్తుంది. అదీ చంపకమాలలో, ఒక్క గణం తప్పకుండా!

మండపేట: అది ఎంత పెద్దదైనా 20 అంకెలు, కాబట్టి ఇమిడింది. √2 దశాంశాలు ఆగవు, ఒకే వరస తిరిగి తిరిగి రాదు. వాటికి ఏ వృత్తం సరిపోతుంది?

రాజోలు: నా ప్రశ్న దాటేశారు. మరో శుల్బసూత్రకారుడు కాత్యాయనుడు ఇదే లెక్క చెప్పి "సవిశేష ఇతి విశేషః" అన్నాడు. వట్టి పేరే అయితే ఆ రెండో విశేషం ఎందుకు?

తణుకు: పేరు కాబట్టే "ఇతి" (అని) పెట్టాడండి.

రాజోలు: "ఇతి"కి అదొక్కటే అర్థమా?